పాదములకు విద్య నేర్పిన గురువు: సయ్యద్ అబ్దుల్ రహీం

ఫుట్‌బాలు ఆటలో గోలు కొట్టినవాని పేరు లోకానికి తెలుస్తుంది. ఆ గోలుకు దారి చూపిన గురువు పేరు తెలిసినవారు అరుదు. దక్షిణ అమెరికా ఖండంలోని బ్రెజిల్ దేశానికి చెందిన పెలే పేరు ఎరుగని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. పదిహేనేళ్ళ ఆ బాలుని బౌరూ అనే చిన్న పట్టణంలో గుర్తించి, చేయి పట్టుకొని 1956లో సాంటోస్ క్లబ్బుకు తీసుకొని వెళ్ళినవాడు వాల్డెమార్ ది బ్రిటో అనే పూర్వపు ఆటగాడు. బ్రిటో స్వయంగా 1934 ప్రపంచ కప్పులో బ్రెజిల్ పక్షాన ఫార్వర్డుగా ఆడినవాడు. అయినను నేడు ఆయన పేరు శిష్యుని కథలో ఒక వాక్యంగా మాత్రమే మిగిలినది.

సరిగ్గా ఆ సంవత్సరంలోనే, మన రాష్ట్ర రాజధానిగా అప్పుడే రూపొందిన హైదరాబాదు నగరంలో, ఒక పాఠశాల ఉపాధ్యాయుడు పేదింటి బాలుని ఒకనిని గుర్తించి భారతదేశపు జట్టులోనికి నడిపించారు. ఆయన అంతటితో ఆగలేదు. ఒక నగరానికి, ఒక పోలీసు జట్టుకు, చివరకు ఒక దేశానికి ఫుట్‌బాలు ఆడే విధానాన్ని నేర్పారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకు ఆయన రహీం సాబ్. వారి జీవితాన్ని స్మరించుకోవడం మనవంటి విద్యాసంస్థకు ప్రత్యేకించి తగిన పని. ఏలయనగా వారు మొదట ఉపాధ్యాయులు, పిదపనే శిక్షకులు.

రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. అది నిజాం ప్రభువు పరిపాలనా కాలం. ఉర్దూ మాధ్యమంగా ఉన్నత విద్యను బోధించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ తరం యువకులకు కొత్త ద్వారాలను తెరిచినది. రహీం అక్కడ పట్టభద్రులైనారు, విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు జట్టులో ఆడారు. తరువాత నగరంలోని పేరున్న జట్లలో ఒకటైన కమర్ క్లబ్బు పక్షాన స్థానిక లీగు పోటీలలో పాల్గొన్నారు. మంచి ఆటగాడే అయినను, ఆయన కీర్తికి ఆధారం ఆయన ఆడిన ఆట కాదు, ఆడించిన ఆట.

జీవనోపాధికి రహీం ఎన్నుకొన్నది ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ఆయన పనిచేసిన చోట్లు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన పిదప చివరి రెండు పాఠశాలలలో క్రీడల బాధ్యతను స్వీకరించారు. ఆ రోజులలో డ్రిల్లు మాస్టరు అంటే ఈల ఊది పిల్లలను వరుసలో నిలబెట్టేవాడని సామాన్యుల భావన. రహీం ఆ పనికి కొత్త అర్థం కల్పించారు. లెక్కల మాస్టరు ఒక సూత్రాన్ని విడదీసి మెట్టు మెట్టుగా బోధించినట్లు, ఆయన ఆటను భాగాలుగా విడదీసి ఒక్కొక్క భాగాన్ని వేరువేరుగా నేర్పారు.

1940ల తొలి సంవత్సరాలలో రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఎన్నికై, మరణపర్యంతం ఆ పదవిలో కొనసాగారు. కార్యదర్శి పని కాగితాల పని మాత్రమే అని ఆయన తలచలేదు. నగరంలోని పిల్లల కొరకు విచిత్రమైన నియమాలతో పోటీలు ఏర్పాటు చేశారు. ఒక పోటీలో ఎడమ కాలి వాటం లేనివారు ఎడమ కాలితోనే బంతిని తన్నవలెను. అనగా ఎవనికి ఏ కాలు బలహీనమో ఆ కాలికే అక్కడ పని. ఇంకొక పోటీలో బంతిని ఒక్కసారి మాత్రమే తాకి వెంటనే తోటివానికి అందించవలెను. మరొక దానిలో బంతిని కాళ్ళ మధ్య త్రిప్పుకొంటూ ఒంటరిగా ముందుకు పోవడం నిషిద్ధం. పొట్టివారైన పిల్లలు పొడవైనవారి నడుమ నలిగిపోకుండా, ఎత్తుకు పరిమితి విధించి వారికి వేరుగా పోటీలు జరిపించారు.

ఈ నియమాలను కొంచెం నిదానించి పరిశీలించితే వాటి వెనుక ఉన్న విజ్ఞత గోచరిస్తుంది. ప్రతి ఆటగాడు తనకు చేతనైన దానినే మళ్ళీ మళ్ళీ చేయగోరుతాడు. కుడి కాలు బలంగా ఉన్నవాడు బంతి ఎడమ ప్రక్కకు వచ్చినను కుడి కాలికే మార్చుకొంటాడు. ఆ క్షణకాలంలో ప్రత్యర్థి వచ్చి అడ్డుపడతాడు. ఒంటరిగా బంతిని తీసుకొనిపోవడంలో నేర్పరియైనవాడు తోటివానిని చూడనే చూడడు. రహీం ఏర్పరచిన పోటీలలో బాలుడు తన బలాన్ని ప్రక్కన బెట్టి తన లోపంతో ఆడవలసి వచ్చేది. పది ఆటలు గడిచేసరికి ఆ లోపం లోపంగా ఉండేది కాదు. శిక్షలు లేకుండా, కేకలు లేకుండా, కేవలం ఆట నియమాన్ని మార్చి విద్య నేర్పడం ఉత్తమ ఉపాధ్యాయుని లక్షణం. ఖర్చు కూడా లేదు. కావలసినది ఒక బంతి, ఒక మైదానం, ఆలోచించే గురువు.

1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ రహీం చేతికి వచ్చినది. పోలీసు అధికారి శివకుమార్ లాల్ ఆ జట్టుకు పెద్ద అండగా నిలిచారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, జమాల్, లాయిఖ్, ఫ్రూవాల్ వంటి ఆటగాళ్ళు ఆ జట్టుకు వన్నె తెచ్చారు. 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు తుదిపోటీలో వారు కలకత్తాకు చెందిన మోహన్ బగాన్‌ను ఓడించారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సంవత్సరాలు గెలుచుకొన్నారు. అంతవరకు భారతదేశంలో ఫుట్‌బాలు అంటే కలకత్తా అనే అభిప్రాయం స్థిరపడి ఉన్నది. దక్కను పీఠభూమి నుండి వచ్చిన ఈ జట్టు నేలబారు చిన్న పాసులతో, ఓపికతో, అలుపెరుగని పరుగుతో ఆ అభిప్రాయాన్ని మార్చివేసినది. కలకత్తా క్లబ్బులు హైదరాబాదు బాలుర కొరకు వెదకడం నాటి నుండి ఆనవాయితీ అయినది. హైదరాబాదు రాష్ట్ర జట్టు కూడా 1956, 1957 సంవత్సరాల పోటీలలో వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీని గెలిచినది.

ఆ తొలి విజయాల కాలంలో మన నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోను, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోను భాగమైనది. ఆ విధంగా కృష్ణా నదికి అవతలి నగరపు జట్టు మనకు కూడా స్వంత జట్టైనది. సిటీ పోలీసు పేరు పోయి ఆంధ్రా పోలీసు పేరు వచ్చినది. ఆ కొత్త పేరుతో 1960లో రోవర్స్ కప్పును, 1961లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును ఆ జట్టు సంపాదించినది.

దేశపు జట్టును తీర్చిదిద్దే బాధ్యత కూడా రహీంపై పడినది. 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగినవి. శైలేన్ మన్నా నాయకత్వంలో భారత జట్టు తుదిపోటీలో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణ పతకం గెలుచుకొన్నది. ఏకైక గోలు మేవాలాల్‌ది. ఆ ఉత్సాహం ఎక్కువ కాలం నిలువలేదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మన జట్టును 10–1తో చిత్తుగా ఓడించినది. ఆ చలిదేశంలో, ఐరోపా ఆటగాళ్ళ బూట్ల నడుమ, మనవారిలో పెక్కుమంది బూట్లు లేని కాళ్ళతో ఆడారు. ఆ పరాజయం తరువాతనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించడాన్ని తప్పనిసరి చేసినది.

బూట్లు తొడిగించడం ఒక ఉత్తర్వుతో జరిగే పని. బూట్లతో బంతిని లాలించడం నేర్పడం అట్టిది కాదు. చిన్ననాటి నుండి వ్రేళ్ళతో, మడమతో బంతి స్పర్శను ఎరిగినవానికి తోలుబూటు ఒక గోడవలె అడ్డు నిలుస్తుంది. మన సముద్రతీరంలో మైపాడు ఇసుకలో ఒట్టి కాళ్ళతో ఆడిన పిల్లలకు ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు. ఓటమి కారణాలను దేశం చర్చించుకొంటూ ఉండగా, కొత్త తరం ఆటగాళ్ళను వెదికి మొదటి నుండి తయారుచేయడమే రహీం సాహెబు చూపిన మార్గం. ఫలితం నాలుగు సంవత్సరాలలో కనిపించినది.

ఆ కొత్త తరంలో ముందుగా చెప్పవలసిన పేరు తులసీదాస్ బలరాం. 1936లో సికిందరాబాదు శివారులోని అమ్ముగూడలో పేద కుటుంబంలో జన్మించిన బాలుడు. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసువారు వాడి పారవేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవానిచేత చౌకగా బూట్లు కుట్టించుకొన్న స్థితి. అతని ఆటను చూచిన రహీం సంతోష్ ట్రోఫీ ఎంపికకు హైదరాబాదు రమ్మని పిలిచారు. అయితే అమ్ముగూడ నుండి నగరపు మైదానానికి ప్రతిదినం వచ్చిపోవడం ఎట్లు? బస్సుకు డబ్బు లేదు, స్వంత సైకిలు లేదు. బాలుడు తన ఇబ్బందిని విన్నవించుకొన్నాడు. రహీం సాహెబు అద్దె సైకిలు కొరకు దినానికి ఒక రూపాయి ఇచ్చే ఏర్పాటు చేశారు. సామాన్య ఉపాధ్యాయునికి 1956లో దినానికి రూపాయి చిన్న మొత్తం కాదు. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన బాలుడు ఆ సంవత్సరమే సంతోష్ ట్రోఫీ ఆడాడు, ఆ సంవత్సరాంతంలో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళాడు. తరువాత భారత ఫార్వర్డులలో అగ్రగణ్యుడై, అర్జున పురస్కారం పొంది, 2023లో కీర్తిశేషుడైనాడు.

మెల్బోర్న్ క్రీడలు రహీం కృషికి తొలి పెద్ద ఫలం. ఆంధ్రప్రదేశ్ అవతరించి సరిగ్గా నెల రోజులైన 1956 డిసెంబరు 1వ తేదీన, క్వార్టర్ ఫైనల్‌లో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2తో ఓడించినది. బొంబాయికి చెందిన సెంటర్ ఫార్వర్డ్ నెవిల్ డిసౌజా 3 గోలులు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాలులో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియావాసి ఆయనే. నాలుగవ గోలు కృష్ణస్వామి, అనగా కిట్టు కొట్టినది. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం అనే గౌరవం దీనితో భారతదేశానికి దక్కినది. సెమీఫైనల్‌లో ఎదురైనది మళ్ళీ యుగోస్లావియాయే. నాలుగేళ్ళ క్రితం 10 గోలులు కొట్టిన ఆ దేశంపై ఈసారి రెండవ అర్ధభాగంలో మొదటి గోలు భారతదేశానిదే, కొట్టినవాడు డిసౌజా. చివరకు 4–1తో ఓడిపోయినను, ఆ కొన్ని నిమిషాల ఆధిక్యం హెల్సింకీ అవమానాన్ని కడిగివేసినది. కంచు పతకపు పోటీలో బల్గేరియా 3–0తో గెలిచినది. మనకు నాలుగవ స్థానం లభించినది.

ఇచ్చట రహీం సాహెబు ఆట పద్ధతిని గూర్చి కొంత చెప్పవలెను. ఆ కాలంలో ముగ్గురు బ్యాకులు, ఇద్దరు హాఫ్ బ్యాకులు, ఐదుగురు ఫార్వర్డులతో కూడిన అమరిక సర్వసాధారణం. ఐదుగురూ ఒకే వరుసలో నిలిస్తే వారిని కాపలా కాయడం ప్రత్యర్థికి సులభం. ఒక ఫార్వర్డును వెనుకకు లాగితే అతనిని వెన్నంటి రావలెనా, స్వస్థానంలో నిలువవలెనా అన్నది ప్రత్యర్థి బ్యాకుకు తెలియదు. అతడు వస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది. రాకపోతే వెనుకకు వచ్చిన ఫార్వర్డు నిరాటంకంగా ఆట నడుపుతాడు. ఈ కిటుకును హంగరీ దేశం 1950లలో ప్రపంచానికి చాటినది. నలుగురు వెనుక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు ఉండే 4–2–4 అమరికను 1958లో స్వీడన్‌లో బ్రెజిల్ జట్టు లోకప్రసిద్ధం చేసినది. పదిహేడేళ్ళ పెలే, అతనితో గారించా, వావా, జగాలో ఆ అమరికలోనే మెరిసి ప్రపంచ కప్పు గెలిచారు. దూరదర్శన్ లేని, విదేశీ ఆటల చలనచిత్రాలు దొరకని హైదరాబాదులో ఉంటూ రహీం ఈ కొత్త భావాలను తమ ఆలోచనతో పరిశీలించి, మన ఆటగాళ్ళ దేహదారుఢ్యానికి తగినట్లు మలచుకొన్నారు. ఐరోపావారి బరువు, ఎత్తు మనకు లేవు. అందువలన బంతిని గాలిలోనికి లేపక నేలమీదనే ఉంచడం, త్వరగా అందించడం, ఖాళీలోనికి పరుగెత్తడం ఆయన మూలసూత్రాలు. పాఠశాల పిల్లలకు పెట్టిన ఒక్కసారి తాకే పోటీలే ఇక్కడ దేశపు జట్టుకు పునాది అయినవి.

1960లో రోమ్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు కఠినమైన వర్గంలో పడినది. హంగరీ, ఫ్రాన్స్, దక్షిణ అమెరికా నుండి పెరూ ప్రత్యర్థులు. హంగరీ 2–1తో మాత్రమే గెలువగలిగినది. మన గోలు బలరాంది. ఫ్రాన్స్‌తో ఆట 1–1తో సమమైనది. నాయకుడు పి.కె. బెనర్జీ కొట్టిన గోలుతో ఆధిక్యంలో ఉన్న మనవారిని ఫ్రాన్స్ ఆఖరి నిమిషాలలో అందుకొన్నది. పెరూ 3–1తో గెలిచినది. అక్కడను మన గోలు బలరాందే. అద్దె సైకిలుపై మైదానానికి వచ్చిన బాలుడు ఆ విధంగా ఐరోపా జట్టుపైన, దక్షిణ అమెరికా జట్టుపైన గోలులు కొట్టినాడు. ఆ క్రీడలకు వెళ్ళిన జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. అయినను అతనికి ఒక్క ఆటలోను మైదానంలో దిగే అవకాశం రాలేదు. శిక్షకుడు తండ్రి కావడం అతనికి ఏ సౌకర్యాన్నీ కల్పించలేదు. ఈ ఒక్క సంగతి చాలు, రహీం వ్యక్తిత్వాన్ని తెలుసుకొనుటకు. హకీం తరువాత అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకొని, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొంది, 2021లో మరణించారు.

1962లో జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగే నాటికి రహీం శరీరాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆక్రమించినది. ఆ స్థితిలోనే జట్టును తయారుచేసి వెంట వెళ్ళారు. నాయకుడు చునీ గోస్వామి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో పరాజయం ఎదురైనది. తరువాత థాయిలాండుపై 4–1తో గెలిచినను, ఆ ఆటలో ప్రధాన బ్యాకు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. జపానును 2–0తో ఓడించి మనవారు సెమీఫైనల్ చేరారు. అప్పుడు రహీం ముందు కఠినమైన ప్రశ్న నిలిచినది. గాయపడిన జర్నైల్‌ను ఆడించితే బ్యాకు స్థానంలో మాటిమాటికి తలతో బంతిని ఎదుర్కొనవలసి వస్తుంది. ఆడించకపోతే జట్టులోని ధైర్యమే తగ్గుతుంది. రహీం మూడవ మార్గం ఆలోచించారు. ఆ బ్యాకును సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై మనవారు 3–2తో గెలిచారు. చునీ గోస్వామి 2 గోలులు, జర్నైల్ ఒక గోలు కొట్టారు.

తుదిపోటీలో ఎదురైనది మళ్ళీ దక్షిణ కొరియాయే. ఇంతలో ఆటకు సంబంధించని మరొక కష్టం వచ్చిపడినది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని భారతదేశానికి చెందిన ఒలింపిక్ ప్రతినిధి జి.డి. సోంధీ బహిరంగంగా విమర్శించగా, జకార్తా నగరంలో భారతీయులపై ఆగ్రహం పెల్లుబికినది. మన దౌత్య కార్యాలయంపై ప్రదర్శకులు దాడి చేశారు. 1962 సెప్టెంబరు 4వ తేదీన సెనయాన్ స్టేడియంలో లక్షమంది వరకు గుమిగూడిన ప్రేక్షకులు మన ఆటగాళ్ళను చూచి హేళనగా అరిచారు. ఆ జనసముద్రంలో మన పక్షాన చప్పట్లు కొట్టినవారు పాకిస్తాన్ హాకీ జట్టువారని మన ఆటగాళ్ళు తరువాత కృతజ్ఞతతో స్మరించుకొన్నారు. హాకీలో మనలను ఓడించి స్వర్ణం గెలిచినవారే, ఫుట్‌బాలులో మన విజయాన్ని కోరారు.

ఆటకు ముందు రహీం సాహెబు తమ శిష్యులను తమకొక కానుక ఇమ్మని అడిగినట్లు, ఆ కానుక స్వర్ణ పతకమే అయినట్లు శిష్యులు చెప్పుకొనేవారు. వ్యాధి సంగతిని గూర్చి ఆయన వారితో ప్రస్తావించలేదు. ఆట 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో తలకు కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్ గోలులు కొట్టారు. అనారోగ్యం నుండి కోలుకొని గోలు ముందు నిలిచిన పీటర్ తంగరాజ్ హైదరాబాదులో జన్మించినవాడే. కొరియా ఆఖరి నిమిషాలలో ఒక గోలు తిరిగి కొట్టినది. అంతకు మించి సాధించలేకపోయినది. 2–1తో స్వర్ణం మనదైనది. ఆ జట్టును ఒకసారి చూడండి: జర్నైల్ సింగ్, త్రిలోక్ సింగ్ సిక్కులు, తంగరాజ్, ఫ్రాంకో క్రైస్తవులు, యూసుఫ్ ఖాన్ ముస్లిం, చునీ గోస్వామి, బెనర్జీ, బలరాం, అరుణ్ ఘోష్ హిందువులు. మైదానంలో వారు ఒకరికొకరు అందించుకొన్నది బంతిని మాత్రమే. జాతీయ సమైక్యత అనే మాటకు ఇంతకంటె సరళమైన వ్యాఖ్యానం మరొకటి దొరకదు.

జకార్తా నుండి తిరిగి వచ్చిన తరువాత వ్యాధి ముదిరినది. 1963 జూన్ 11వ తేదీన రహీం సాహెబు పరమపదించారు. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరాలు మాత్రమే. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణం భారతదేశానికి మళ్ళీ రాలేదు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాలు పోటీలలో మన జట్టుకు ప్రవేశమే లభించలేదు. ఒక్క వ్యక్తి మరణమే దీనికి సమస్త కారణమనడం న్యాయం కాదు. ఇతర ఆసియా దేశాలు డబ్బును, విజ్ఞానాన్ని వినియోగించి ముందుకు సాగినవి. మన దేశంలో క్రికెట్టు ఇతర క్రీడలను కమ్మివేసినది. అయినను పాఠశాల స్థాయి నుండి ఆటగానిని నిర్మించే పని రహీం తరువాత అదే శ్రద్ధతో సాగలేదని మాత్రం చెప్పక తప్పదు.

గురువు నాటిన విత్తనం మాత్రం వృథా కాలేదు. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965 పోటీలలో సంతోష్ ట్రోఫీ గెలిచినది. హైదరాబాదీ అయిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో భారత జట్టు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కంచు పతకం సాధించినది. 1977 సెప్టెంబరు 24వ తేదీన పెలే తన కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడినప్పుడు, ఆట 2–2తో సమమైనది. మోహన్ బగాన్ గోలులలో ఒకటి శ్యాం థాపాది, రెండవది హైదరాబాదు బిడ్డ మహమ్మద్ హబీబ్‌ది. ఆనాడు మోహన్ బగాన్‌కు శిక్షకుడు రహీం శిష్యుడైన పి.కె. బెనర్జీ. లోకంలోకెల్ల గొప్ప ఫార్వర్డు ఎదుట నిలిచి గోలు కొట్టిన ఆ హైదరాబాదు పాదంలో, రహీం తన నగరానికి అలవరచిన విద్య కొంత ఉన్నదని భావించడం అతిశయోక్తి కాదు.

శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారాన్ని కేంద్ర ప్రభుత్వం 1985లో నెలకొల్పినది. అప్పటికి రహీం కీర్తిశేషులై 22 సంవత్సరాలు. 2024లో మైదాన్ అనే హిందీ చలనచిత్రం విడుదలై వారి పేరును కొత్త తరానికి కొంత పరిచయం చేసినది. అంతవరకు, దేశానికి రెండు ఆసియా స్వర్ణాలు తెచ్చిన ఆ ఉపాధ్యాయుని పేరు పాఠ్యపుస్తకాలు చదివే పిల్లలలో ఎందరికి తెలుసు?

విద్యార్థి సోదరులారా! రహీం సాహెబు జీవితం నుండి మనం గ్రహించవలసినది గోలుల సంఖ్య కాదు. ఉర్దూ మాధ్యమం వారైనను, తెలుగు మాధ్యమం వారైనను మీరందరు ఆడేది ఒకే మైదానంలో. మీకు చేతనైన కాలితో ఆడి చప్పట్లు పొందడం సులభం. చేతకాని కాలితో ఆడి నేర్చుకోవడం కష్టం. చదువులోను అంతే. లెక్కలకు భయపడేవాడు లెక్కలనే ముందుగా పట్టవలెను. ఇంగ్లీషుకు జంకేవాడు ఇంగ్లీషులోనే నాలుగు మాటలు మాట్లాడవలెను. బలహీనమైన దానిని దాచిపెట్టుకొనక దానికే పని చెప్పడం రహీం బోధించిన విద్య.

కళాశాల పాలక సంఘం పెద్దలకు ఒక సవినయ మనవి. హైదరాబాదు ఫుట్‌బాలు వైభవం పెద్ద ధనంతో కట్టినది కాదు. నాలుగు పాఠశాలల మైదానాలలో, జీతం తక్కువైన ఒక ఉపాధ్యాయుని బుద్ధిబలంతో, దినానికి ఒక రూపాయి అద్దె సైకిలుతో కట్టినది. మన తీరప్రాంత గ్రామాల నుండి, పట్టణపు ఇరుకు వీధుల నుండి వచ్చే బాలురలో ఎవరి కాళ్ళలో ఏ నేర్పు దాగి ఉన్నదో చెప్పజాలము. దానిని గుర్తించుటకు చదువుకొన్న వ్యాయామోపాధ్యాయుడు ఒకరు, సాయంకాలం తలుపులు మూయని మైదానం ఒకటి, దూరం నుండి వచ్చే పేద విద్యార్థికి దారి ఖర్చు ఇచ్చే చిన్న నిధి ఒకటి ఉంటే చాలును. ఈ మూడింటిని సమకూర్చడమే రహీం సాహెబుకు మనం అర్పించగల నిజమైన నివాళి.